పచ్చజాడీ

నాకు పదకొండేళ్ళ వయసులో నాన్నగారు నన్ను హైదరాబాదు తీసుకువెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించారు. గంట కొట్టే గడియారం ముందు అందరితో పాటు మేమూ నిలబడ్డాం. ముసుగు వేసుకున్న రెబెకా దగ్గరా నిలబడ్డాం. కానీ ఆ రోజు నుంచి నాతో వచ్చినవి ఆ రెండూ కావు. చైనా వస్తువులున్న గదిలో, అద్దాల వెనుక, ఒక ఆకుపచ్చని పళ్ళెం. ఆకుపచ్చ అంటే మామిడాకు పచ్చ కాదు, చిలక పచ్చ అంతకన్నా కాదు. అరటిచెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని మొవ్వాకు ఉంటుంది చూశారూ, దాని వెనుక నుంచి ఉదయపు ఎండ పడితే ఏ రంగు కనిపిస్తుందో, ఆ రంగు. పళ్ళెం అంచున చెక్కిన తీగల గాడుల్లో ఆ పచ్చ కాస్త చిక్కబడి, పైకి వచ్చిన చోట పలచబడి ఉంది.

"ఇందులో విషం కలిపిన అన్నం పెడితే పళ్ళెం పగిలిపోతుందట. అందుకే రాజులు దీంట్లో తినేవారు" అన్నారు నాన్నగారు.

అది కట్టుకథ అని పెద్దయ్యాక తెలిసింది. ఏ పింగాణీ పాత్రకూ విషాన్ని పసిగట్టే శక్తి లేదు. అయినా ఆ కథ మన దేశంలోనూ, పశ్చిమాసియాలోనూ రాజుల భోజనశాలల్లో శతాబ్దాల పాటు చెలామణి అయింది. కథ పోయింది గానీ రంగు మాత్రం నాలో ఉండిపోయింది. నలభై దాటాక, అమెరికాలో ఒక ఊరి కళాకేంద్రంలో కుమ్మరిసారె ముందు కూర్చున్నప్పుడు, "నీకు ఏం చేయాలని ఉంది?" అని మా గురువుగారు అడిగితే ఆలోచించకుండా ఆ పళ్ళెం రంగు చెప్పాను. ఆవిడ నవ్వి, "సెలడాన్! నీకు తప్పు ఇంట్లో పుట్టిన కోరిక కలిగింది" అన్నారు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. దాని ఖరీదు తెలియడానికి మరో ఏడాది.

*

సెలడాన్ అన్నది ఆ పాత్రలు చేసినవారు పెట్టిన పేరు కాదు. 1607లో తొలిభాగం వెలువడిన 'లాస్త్రే' అనే ఫ్రెంచి నవలలో సెలడాన్ ఒక గొల్లవాడు. రచయిత ఒనొరే దుర్ఫే. ఆ నాయకుడి లేత ఆకుపచ్చ రిబ్బన్ల మీదుగా ఆ పేరు రంగుకూ, రంగు మీదుగా పాత్రలకూ అంటుకుందని ఎక్కువమంది చెప్పే మాట. అప్పటికి ఆ పాత్రలకు ఎన్నో వందల ఏళ్ళ వయసుంది. చైనాలో చెచియాంగ్ ప్రాంతపు లొంగ్‌చ్యువాన్ బట్టీలు సోంగ్ రాజుల కాలంలో (960-1279) ఈ పనిలో పతాకస్థాయికి చేరాయి. కొరియాలో గొర్యో రాజ్యపు కుమ్మరులు ఆ విద్య నేర్చుకుని తమదైన మరో పచ్చను సాధించారు. 1123లో రాయబార బృందంతో అక్కడికి వెళ్ళిన చైనా అధికారి షూ జింగ్, కొరియావారు ఆ రంగును ప్రత్యేకమైన పేరుతో పిలుచుకుంటారని మెచ్చుకోలుగా రాసుకున్నాడు. లొంగ్‌చ్యువాన్ కాల్పు విద్యను 2009లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఆ పాత్రలు ఓడలెక్కి ఆసియా అంతా తిరిగాయి. మన తీరానికీ వచ్చాయి. కాకతి గణపతిదేవుడు 1244-45లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లిలో చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ గవ్వలు ఏరుకున్న రోజుల్లో నాకీ సంగతి తెలియదు.

*

ఇక గురువుగారి మాటకు వస్తాను.

మన పల్లెల్లో ఎర్రకుండ, నల్లకుండ రెండూ ఉంటాయి. మట్టి వేరనుకుంటాం. చాలాసార్లు మట్టి ఒక్కటే, కాల్చే తీరులోనే తేడా. ఆవంలోకి గాలి ధారాళంగా ఆడితే మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌ను కడుపునిండా తిని ఎర్రబడుతుంది. గాలి మూసేసి, పొగను లోపలే బంధిస్తే కుండ నల్లబడుతుంది. మొదటిది ఆక్సీకరణం, రెండవది క్షయకరణం. తొమ్మిదో తరగతిలో పరీక్ష కోసం బట్టీయం వేసి మరచిపోయిన ఆ రెండు మాటలూ నిజంగా కుమ్మరి ఆవంలో మొదటినుంచీ ఉన్నవే.

సెలడాన్ పచ్చ కూడా ఇనుము పుణ్యమే. పాత్ర మీది గాజుపూతలో నూటికి ఒకటి రెండు పాళ్ళ ఇనుము ఉంటుంది. బట్టీలో మంటకు చాలినంత గాలి అందనీయకపోతే, ఆకలిగొన్న మంట ఆ ఇనుములోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. అలా కొంత కోల్పోయిన ఇనుము గాజులో కరిగి, నీలానికీ పచ్చకూ మధ్య ఎక్కడో నిలుస్తుంది. మట్టిలో, పూతలో టైటానియం కాస్త ఎక్కువుంటే పచ్చవైపు, బాగా తక్కువుంటే నీలంవైపు మొగ్గుతుంది. అంటే ఆ రంగును పైనుంచి ఎవరూ వేయలేదు. మంట తీసుకున్నది తీసుకోగా మిగిలిన రంగు అది.

మా కళాకేంద్రంలో ఉన్నది కరెంటు బట్టీ. అందులో మంటే లేదు. తీగచుట్టలు ఎర్రగా కాగి, ఆ వేడికి పాత్రలు కాలుతాయి. లోపల గాలి ఎప్పుడూ ఉంటుంది. పోనీ బలవంతాన ఏ కర్పూరమో, చెక్కముక్కో లోపల పడేసి పొగపెడదామా అంటే, ఆ తీగలను కాపాడే సన్నని ఆక్సైడు పొర దెబ్బతిని తీగలు త్వరగా పోతాయి. పదిమందీ వాడుకునే బట్టీలో ఆ ప్రయోగం చేస్తే నన్ను బయటికి పంపేస్తారు. పైగా మేము కాల్చేది కోన్ 6 వరకే, అంటే సుమారు 1220 డిగ్రీల సెల్సియస్. ఈనాటి సెలడాన్ కుమ్మరులు ఎక్కువమంది వెళ్ళే కోన్ 10 దాదాపు 1285 డిగ్రీల దగ్గర ఉంటుంది. అయితే గ్యాసు బట్టీ ఉన్నవాళ్ళు కోన్ 6లో కూడా క్షయకరణంతో మంచి సెలడాన్ సాధిస్తున్నారు. కాబట్టి అసలు అడ్డు వేడి కాదు, గాలి. ఆక్సిజన్ నిండుగా ఉన్న చోట అదే ఒక శాతం ఇనుము పలచని తేనెరంగు ఇస్తుంది, కాస్త పెంచితే బెల్లంపాకం. పచ్చ మాత్రం రాదు.

తప్పు ఇంట్లో పుట్టిన కోరిక అంటే అదన్నమాట.

*

అయినా మనిషి ఊరుకుంటాడా? నేనూ ఊరుకోలేదు. ఇనుము ఇవ్వని పచ్చను ఇంకెవరిస్తారా అని వెతికాను. అరచేయంత కూడా లేని మట్టిబిళ్ళలు చేసి, వెనుక నంబర్లు వేసి, రకరకాల పూతలు పూసి కాల్చేదాన్ని. ఆ బిళ్ళలు మా ఇంటి సొరుగుల్లో చెంచాలకు చోటు లేకుండా చేశాయి.

కోబాల్టు చిటికెడు వేశాను. వెయ్యి గ్రాములకు ఒక్క గ్రాము. అది కూడా ఎక్కువై, రీవు కలిపిన పంచెలా నీలం కొట్టింది. అక్కడక్కడ చుక్కలు కూడా తేలాయి. క్రోమియం వేస్తే పచ్చ వచ్చింది గానీ అది బడి నల్లబల్ల పచ్చ, వెలుగు అందులోకి దిగదు. ఇక మిగిలింది రాగి.

రాగి నన్ను మొదటి చూపులోనే లొంగదీసింది. సోడియం బాగా ఉన్న ఫెల్‌స్పార్ జాతి ఖనిజం నెఫలీన్ సయనైట్ ఎక్కువగా, పలుగురాతి పొడి తక్కువగా వేసి ఒక పూత కలిపాను. అందులో రెండు శాతం కాపర్ కార్బొనేటు. పలుగు తక్కువైతే పూత ఈ వేడికే సులువుగా కరిగి నీళ్ళలా నిగనిగలాడుతుంది. తెల్లమట్టి కప్పుల మీద గాడులు చెక్కి దట్టంగా పూశాను. మర్నాడు బట్టీ మూత తీసినప్పుడు అక్కడున్న వాళ్ళంతా నా భుజాల మీదుగా తొంగిచూశారు. గాడుల్లో చిక్కగా, అంచుల మీద పలచగా, అచ్చం ఆ పళ్ళెమే. గురువుగారు కప్పును వెలుగులోకి ఎత్తి తిప్పి చూసి, "దీన్లో ఏం వేశావు?" అని అడిగారు. చెప్పాను. "అందంగా ఉంది. పరీక్ష చేశావా?" అన్నారు. "చేస్తాను" అన్నాను.

చేయలేదు. ఇక్కడ ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇంత దూరం వచ్చానేమో.

ఆ డిసెంబరులో కళాకేంద్రం వారి వార్షిక అమ్మకంలో పదకొండు కప్పులు పెట్టాను. పక్కన చిన్న అట్టముక్క మీద 'సెలడాన్ కప్పులు' అని రాశాను. మధ్యాహ్నానికి అన్నీ అమ్ముడుపోయాయి. ఒక పెద్దావిడ రెండు కొన్నారు, ఒకటి తనకు, ఒకటి చెల్లెలికి. నా చేతిపనికి డబ్బు రావడం అదే మొదలు. ఆ సంతోషంలో అమ్మ కోసం ఒక జాడీ చేశాను. మూతతో సహా, శేరు ఊరగాయ పట్టేంతది. లోపలా బయటా అదే పచ్చ.

*

నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి ఒక్కతే రావడం అది రెండవసారి. మార్చిలో వచ్చింది. జాడీ చేతికిచ్చాను. తిప్పి చూసింది, గోటితో తట్టి మోత విన్నది. "గాజుబుడ్డిలా కాదు, బాగా మోగుతోందే" అన్నది. రంగు గురించి ఒక్క మాటే. "మీ నాన్న చూపించిన పళ్ళెంలా ఉంది." ఆవిడ ఆనాడు మాతో మ్యూజియానికి రాలేదు. నాన్నగారు ఇంటికి వచ్చి చెప్పి ఉంటారు. ఆవిడ దాన్ని ముప్పై ఏళ్ళు గుర్తుపెట్టుకుంది.

ఆ వారమే రెండు డజన్ల నిమ్మకాయలు తెప్పించి ఊరవేసింది. ఉప్పు, పసుపు, నిమ్మరసం. మూడవనాడు కారం, మెంతిపిండి, ఇంగువ పోపు. జాడీ నిండింది. మేము రోజూ మధ్యాహ్నం పెరుగన్నంలోకి వేసుకునేవాళ్ళం. నా కొడుక్కి కారం ఎక్కువైనా అమ్మమ్మ కలిపి పెడుతుంటే తినేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం అమ్మ వంటింట్లో నుంచి పిలిచింది. "ఏమే, ఇలా రా ఒకసారి." గొంతులో కోపం లేదు. జాడీ సగానికి దిగింది. ఊరగాయ తాకిన మేర లోపలి గోడ పచ్చ వెలిసిపోయి, సున్నం రాసినట్టు మసకగా తెల్లబడింది. పైన, ఊట తగలని చోట మాత్రం మునుపటి నిగనిగ. రెండింటికీ మధ్య చెరువు గట్టున నీటిమట్టం గుర్తులా ఒక గీత.

"నీ పచ్చంతా నా ఊరగాయలోకి దిగిపోయిందే" అన్నది అమ్మ. తరువాత ఒక క్షణం ఆగి, "ఇందులో రంగుకి ఏం వేశావు?" అని అడిగింది.

"రాగి" అన్నాను.

"రాగా! కళాయి లేని గిన్నెలో చారు పెట్టకూడదని నీకు తెలియదూ? చిలుము దిగుతుందని మా అత్తగారు చింతపండు ముట్టుకున్న చేత్తో ఇత్తడి బిందె ముట్టుకోనిచ్చేది కాదు. ఇది చిలుమేనే."

నేను మాట్లాడలేకపోయాను. ఎందుకంటే అది నిజం, అక్షరాలా నిజం. గాలికీ తడికీ రాగి మీద పట్టే ఆకుపచ్చ చిలుములో ముఖ్యంగా ఉండేది కాపర్ కార్బొనేటు. నేను డబ్బా మూత తీసి తూకం వేసి కలిపినది కూడా అదే పొడి. బట్టీలో అది విరిగి గాజులో కరిగిన మాట వాస్తవమే. కానీ ఆ గాజు గట్టిదైతే కదా రాగిని పట్టి ఉంచేది! పూతలో పలుగూ, తెల్లమట్టి నుంచి వచ్చే అల్యూమినా చాలినంత ఉంటేనే గాజు అల్లిక బిగుసుకుంటుంది. నేను నిగనిగ కోసం వాటిని తగ్గించి, సోడియంతో నింపాను. అటువంటి గాజును నిమ్మరసం మెల్లగా తినేస్తుంది. ముందు సోడియం, దానితో పాటు రాగి బయటికి వస్తాయి. నాన్నగారి కథలో పళ్ళెం విషాన్ని పట్టి ఇస్తుంది. నా జాడీ మాత్రం ఊరగాయలోకి రాగిని తానే కలిపింది.

ఊరగాయంతా సంచీలో కట్టి పారేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మోతాదులో ఏమీ కాకపోవడమే మామూలు, ఎక్కువైతే వాంతులూ కడుపునొప్పీ తెప్పిస్తుంది. పిల్లవాడి వైద్యురాలికి ఫోను చేసి అడిగాను, భయపడనక్కరలేదన్నారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఇంట్లోది పారేశాను. బయట పదకొండు కప్పులున్నాయి. ఎవరో వాటిలో రోజూ నిమ్మరసం వేసుకుని టీ తాగుతూ ఉంటారు.

*

మర్నాడు నా దగ్గర మిగిలిన ఒక బిళ్ళ మీద నిమ్మచెక్క బోర్లించి ఒక రోజు ఉంచాను. తీసి కడిగితే నిమ్మచెక్క ఆకారంలో పాలిపోయిన మచ్చ. ఒక్క నిమ్మచెక్క, ఒక్క రోజు. ఈ పరీక్ష గురించి నాకు తెలియక కాదు, మొదటి నెలలోనే చెప్పారు. ఇంతకన్నా కచ్చితంగా తెలుసుకోవాలంటే ప్రయోగశాలకు పంపవచ్చు. అక్కడ పాత్రలో నాలుగు శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలుంచి, అందులోకి ఏమేం దిగాయో కొలుస్తారు. నేను రెండూ చేయలేదు. ఆ రంగు పోతుందేమోనన్న భయమే నన్ను అడగనివ్వలేదని ఇప్పుడనిపిస్తుంది.

గురువుగారికి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది. అమ్మకం రసీదుల పెట్టె తెచ్చి ముందు పెట్టి, "మొదలుపెడదాం" అన్నారు, అంతే. కార్డుతో కొన్నవాళ్ళలో కొందరి ఆచూకీ దొరికింది. కళాకేంద్రం గుమ్మంలో నా పేరుతో ఒక కాగితం అంటించాం. 'ఈ కప్పులలో పులుపు వస్తువులు తాగవద్దు, దయచేసి తెచ్చి ఇవ్వండి, డబ్బు తిరిగి ఇస్తాను' అని. రాసేటప్పుడు 'సెలడాన్' అన్న మాట దగ్గర చేయి ఆగింది. ఆ పేరుతోనే అమ్మాను గనుక ఆ పేరుతోనే పిలవవలసి వచ్చింది.

వేసవి చివరికి ఏడు కప్పులు తిరిగి వచ్చాయి. రెండు కప్పులు కొన్న పెద్దావిడ తనదీ, చెల్లెలిదీ కూడా తెచ్చారు. డబ్బు తీసుకోలేదు. "సరైనది వచ్చినప్పుడు ఇవ్వు" అన్నారు.

*

సరైనది అంటే ఏమిటో మళ్ళీ మొదటినుంచి ఆలోచించాను. ఈసారి రంగుతో మొదలుపెట్టలేదు, గాజుతో మొదలుపెట్టాను.

కోన్ 6 కుమ్మరులలో బాగా వాడుకలో ఉన్న ఒక పూత ఉంది. ఐదు ద్రవ్యాలు, అన్నీ సమపాళ్ళు, ఒక్కొక్కటి ఇరవై. ఫెల్‌స్పార్, పలుగుపొడి, తెల్లమట్టి, సున్నమూ సిలికా కలిసి ఉండే వొలాస్టొనైట్, ఫ్రిట్ 3134. ఫ్రిట్ అంటే ముందే కరిగించి, చల్లార్చి, పొడిచేసిన గాజు. ఇందులోని బోరాన్ వల్లనే తక్కినవన్నీ ఈ తక్కువ వేడికే కరుగుతాయి. పలుగును తగ్గించి కరిగించడం నేను చేసిన తప్పు. బోరాన్ సాయంతో పలుగునూ మట్టినీ నిండుగా ఉంచే కరిగించవచ్చు. అమ్మకు ఈ పాళ్ళు చెబితే "పంచామృతం" అన్నది.

రంగుకు ఒక శాతానికి సగం ఇనుము. అది ఆక్సీకరణంలో ఇచ్చేది పలచని గడ్డిరంగు. దానికి కాస్త నీలం తోడైతే పచ్చ అవుతుంది, బొమ్మలు వేసే పిల్లలందరికీ తెలిసిన లెక్కే. ఆ నీలానికి కోబాల్టు బదులు జర్కాన్ స్ఫటికాలలో వెనేడియం బిగించిన నీలం స్టెయిన్ ఒకటిన్నర శాతం వేశాను. ప్రసియోడిమియం పసుపు స్టెయిన్ అర శాతం. ఈ స్టెయిన్లు ముందే ఎక్కువ వేడిలో కాల్చి చేసినవి, గాజులో దాదాపు కరగవు. చిన్న చిన్న రేణువులుగానే ఉండి వెలుగును కొంచెం చెదరగొడతాయి. మొదట అది లోపమనుకున్నాను. పాత లొంగ్‌చ్యువాన్ పాత్రలకు ఆ పచ్చలరాతి లోతు రావడానికి కారణం కూడా అటువంటిదే. ఆ దట్టమైన పూతలో సన్నని గాలిబుడగలూ, పూర్తిగా కరగని పలుగు రేణువులూ వెలుగును లోపలే తిప్పి, మెత్తబరచి, బయటికి పంపుతాయి. నాకు అది బొత్తిగా రాలేదు, దాని నీడ మాత్రం వచ్చింది.

మిగిలినదంతా చేతిపని. గాడులను నిలువుగా కాకుండా ఒకవైపు ఏటవాలుగా చెక్కితే పూత ఒక అంచున లోతుగా నిలిచి మరో అంచుకు పలచబడుతుంది. అదే అసలు అందం, రంగు సగమే. పూత రెండుసార్లు పూయాలి. మూడవసారి పూస్తే బోరాన్ మబ్బు కమ్ముతుంది. బట్టీ పైమెట్టుకు చేరాక ఒక్కసారిగా చల్లారనివ్వకుండా, ఓ యాభై డిగ్రీలు దించి అరగంట నిలిపితే పూతలోని సూదిబెజ్జాలు మూసుకుంటాయి. పూత మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటే సాలెగూటి పగుళ్ళు వస్తాయి. ఆ పగుళ్ళను చైనాలో అందంగా తలచిన కాలమూ ఉంది. కానీ ఊరగాయ జాడీలో అవి ఉప్పునీటికి దారులు. సోడియం తగ్గడం వల్ల ఆ బెడదా వదిలింది.

పరీక్షకు ఈసారి ప్రయోగశాల మా వంటిల్లే. బిళ్ళను సగం వరకు అమ్మ చేసిన నిమ్మకాయ ఊటలో నిలబెట్టి నలభై రోజులుంచాం. మండలం పూర్తయ్యాక తీసి కడిగితే, మునిగిన సగమేదో మునగని సగమేదో నాకు తెలియలేదు. అమ్మ కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసి పోల్చుకోలేకపోయింది.

అప్పుడు అడిగింది. "అంతా బాగానే ఉంది. కానీ లోపల రంగు ఎవరు చూస్తారే? లోపల కళాయి పోయించరాదూ?"

ఆవిడ ఉద్దేశం తగరం కళాయి కాదు. అన్నం తగిలే చోట రంగూ రాగీ ఏవీ లేని పూత ఉండాలని. నేను రెండేళ్ళుగా గొప్ప గొప్ప పేర్లతో చదువుతున్న పుస్తకాలలో అది ఉంది. లోపలికి వేరే పూత వాడాలని కుమ్మరులు చెబుతూనే ఉంటారు. నేను చదివి దాటిపోయిన మాటను ఆవిడ ఇత్తడిగిన్నె నుంచి తీసి ఇచ్చింది. అదే ఐదు ద్రవ్యాల పూత, రంగు ఏదీ వేయకుండా, జాడీ లోపల పోసి తిప్పి ఒంపేశాను. బయట మాత్రం పచ్చ.

*

సెప్టెంబరులో అమ్మ ఆ జాడీని చీరల మధ్య చుట్టి, సామానులో వేయనివ్వక, ఒళ్ళో పెట్టుకుని విజయవాడ తీసుకువెళ్ళింది. ఇప్పుడు అందులో మాగాయ ఉంది. ఫోను చేసినప్పుడల్లా ముందు జాడీ సంగతి అడుగుతాను. "వెలవలేదే, నీళ్ళలా ఉంది లోపల" అంటుంది.

తరువాతి అమ్మకంలో నా కప్పుల పక్కన పెట్టిన అట్టముక్క పొడుగైంది. 'ఆకుపచ్చ పూత. ఇనుము, స్టెయిన్లు. కరెంటు బట్టీ, కోన్ 6. లోపల రంగులేని పూత.' గురువుగారు చదివి, "ఇంత రాస్తే ఎవరు ఆగి చదువుతారు?" అన్నారు. కొందరు ఆగారు. ఒక కొరియా ఆయన కప్పు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసి, "సెలడాన్ అని రాయలేదేం?" అని అడిగారు. కాదు గనుక, అన్నాను. ఆయన నవ్వి రెండు కొన్నారు. రెండు కప్పులు అమ్మకానికి పెట్టకుండా వేరే దాచాను. అవి ఆ పెద్దావిడకు, ఆవిడ చెల్లెలికి.

పచ్చ అనుకున్నంత గొప్పగా వచ్చిందా అంటే రాలేదు. మొదటి జాడీ పక్కన పెట్టి చూస్తే ఇది కాస్త బూడిదవైపు, కాస్త మౌనంగా ఉంటుంది. ఆ మొదటిది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, మధ్యలో ఆ గీతతో. అందులో కుంచెలు పెట్టుకుంటాను. తిరిగివచ్చిన ఏడు కప్పుల్లో పెన్సిళ్ళు, సూదులు, బొత్తాలు.

మిగిలిన నాలుగు కప్పులు ఎక్కడున్నాయో తెలియదు. గుమ్మంలోని కాగితం వెలిసిపోతే మళ్ళీ రాసి అంటించాను, అప్పుడప్పుడు మారుస్తుంటాను. ఆ ఊళ్ళోనే ఏదో ఇంట్లో, కిటికీ పక్కన, ఎవరో వాటిని వెలుగులోకి ఎత్తి చూసి ఎంత బాగుందీ పచ్చ అనుకుంటూ ఉంటారు. బాగుంటుంది. నాకు తెలుసు.